కరెంటు తగ్గించిన పూట

మా అత్తను మట్టి చేసి వచ్చినవాళ్లందరూ పెరట్లో నీళ్ల డ్రమ్ముల దగ్గర స్నానాలకు నిలబడి ఉన్నారు. మా ఆయన మాత్రం అవే బట్టలతో, గోళ్లలో మట్టితో, అరుగు మీద కూర్చుని "కాఫీ ఏమన్నా ఉండాదా?" అని అడిగాడు. నవ్వుతూ అడిగాడు. పోయింది ఆయన కన్నతల్లి.

మా వైపు శ్మశానానికి పోయి వచ్చినవాళ్లు తల మీద నీళ్లు పోసుకుని, దీపం చూసిన తరువాతే ఇంట్లో పని చూసుకుంటారు. పెనుకొండ దగ్గర మా అత్తగారి ఊళ్లో ఇది చిన్నపిల్లలకు కూడా తెలుసు. పెద్దకొడుకే అట్లా కూర్చుంటే చూసేవాళ్ల నోళ్లు ఊరుకుంటాయా? నాకు మాత్రం, పాపమో పుణ్యమో గానీ, ఆ పొడి చేతులు చూస్తే లోపల ఒక మూల సంతోషంగానే ఉంది. ఆ చేతులు పొడిగా ఉండగా చూడాలని నేను ఎన్నేళ్లు ఎదురుచూశానో వాళ్లకేం తెలుసు?

హిందూపురంలో ఆయనకు టైలరు షాపు ఉండేది. ఓసీడీ ముదిరాక ఎవరి బట్ట ముట్టుకున్నా చేతులు కడుక్కోవడమే. కడిగీ కడిగీ వేళ్లు పగిలి, ఆ నెత్తురు బట్టకు అంటుతుందని ఇంకో భయం. షాపు మూతబడింది. తరువాత ఆ భయం నా మీదికి మళ్లింది. బజారు నుంచి వస్తే కాళ్లు, చేతులు, పాల ప్యాకెట్టు, తాళంచెవి అన్నీ సబ్బుతో కడగాలి. "కడిగినావా? నిజంగా కడిగినావా?" అని అడిగేవాడు. ఒట్టు పెట్టినా నమ్మకం కుదరదు, మళ్లీ కడగాలి. "ఇది పిచ్చి అని నాకూ తెలుసు. తెలిస్తే మాత్రం భయం మన మాట ఇంటాదా?" అని ఆయనే ఏడ్చేవాడు. చుట్టాలేమో "మీ ఆయనకు శుభ్రం ఎక్కువమ్మా" అని మెచ్చుకునేవాళ్లు. వాళ్లను ఒక్క వారం మా ఇంట్లో ఉంచితే తెలిసేది.

మందులు, కౌన్సెలింగు అన్నీ అయ్యాక బెంగళూరులో ఆపరేషన్ చేశారు. మెదడులోకి రెండు సన్నని తీగలు దించి, ఛాతీ పైన చర్మం కింద బ్యాటరీ పెట్టారు. జబ్బు పూర్తిగా పోతుందని చెప్పలేమని డాక్టరు ముందే అన్నాడు. మొదటిసారి కరెంటు పెట్టినప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఎట్లా ఉందని అడిగితే ఆయన కాసేపు ఆలోచించి, "జరం విడిచినట్టుండాది సార్" అన్నాడు.

ముందు పోయింది భయం. ఆలోచనలు నెలల తరబడి అట్లాగే ఉన్నాయి. "గలీజు అని ఇప్పుడూ అనిపిస్తాండాది. అనిపించి దాని దోవన అది పోతాండాది" అనేవాడు. ఆ తరువాత సంతోషం ఎక్కువైంది. బస్సులో ముక్కూ మొహం తెలియనివాళ్లను పలకరించడం, తెల్లవారకముందే లేచి పాటలు పాడటం మొదలుపెట్టాడు. జైలు లాంటి జబ్బు నుంచి బయటికి వచ్చిన మనిషి, నవ్వనీలే అనుకున్నాం. నవ్వుతున్నాడని ఎవరైనా ఆసుపత్రికి తీసుకుపోతారా? మా ఇళ్లలో ఏడిస్తేనే జబ్బు.

అంతలో అత్త పోయింది. ఆయన పాడె మోశాడు, మట్టి వేశాడు. కంట చుక్క నీరు రాలేదు.

ధర్మవరంలో మగ్గం నేసే ఇంటికి ఇచ్చిన మా ఆడబిడ్డ ఆ సాయంత్రం నన్ను పెరట్లోకి లాక్కుపోయింది. "వదినా, తల్లి చచ్చిపోతే నగతాండాడే! ఆ కరెంటు కొంచెం తగ్గించమని చెప్పు. దినాలకన్నా మా యమ్మకు ఏడ్సనీ" అంది. తగ్గిస్తే మళ్లీ ఏమవుతుందో ఆమెకు తెలియదు. నాకు తెలుసు. అయినా ఆమె మొహం చూసి కాదనలేకపోయాను.

దినాలకు ముందే రైలెక్కి బెంగళూరు పోయాం. ఆయన నిద్ర, మాటలు, నవ్వు అన్నీ చెప్పాను. డాక్టరు విని, ఈ సంతోషం కూడా కరెంటు ఎక్కువ కావడం వల్లే కావచ్చు, తగ్గించి చూద్దాం అన్నాడు. తగ్గించాడు.

కొంతసేపటికి మా ఆయన మాట ఆగింది. చేతులు తిప్పి చూసుకున్నాడు. "అమ్మను మట్టి చేసి వచ్చి నేను స్నానం చేసినానా?" అని నన్ను అడిగాడు. "ఈ చేతుల్తోనే అన్నం తిన్న్యానే" అన్నాడు. ఆ వెంటనే, "అమ్మ ల్యాకపాయెనే" అని ఘొల్లుమన్నాడు.

దుఃఖమూ భయమూ ఒకే వాకిట్లోంచి వచ్చాయి. ఏడుపు కావాలంటే భయం కూడా తీసుకోవాలట, విడిగా ఇవ్వరట. నాకు ఆడబిడ్డ మీద, డాక్టరు మీద, ఆ దేవుడి మీద కూడా కోపం వచ్చింది. ఇట్లాగే కొన్నాళ్లు చూద్దామా, కొంచెం పెంచమంటారా అని డాక్టరు నన్ను అడిగాడు. నాకు ఇంక ఓపిక లేదు. "పెంచండి సార్" అన్నాను.

"ఉండండి సార్" అన్నాడు మా ఆయన. "కొంచేపు ఉండండి. మా యమ్మకు ఏడ్సుకోనీండి."

డాక్టరు బయటికి పోయాడు. మా ఆయన ఏడ్చాడు. ఏడుస్తున్నంతసేపూ అరచేతులు ప్యాంటుకు రుద్దుకుంటూనే ఉన్నాడు. తాను ఎన్నిసార్లు చెయ్యి చాపినా అమ్మ విసుక్కోకుండా చెంబుతో నీళ్లు పోసిందని, ఒక్కనాడూ ఎందుకని అడగలేదని చెప్పి చెప్పి ఏడ్చాడు. నాకు ఆయన చెయ్యి పట్టుకోవాలని ఉంది. కానీ నాది రైలెక్కి వచ్చిన చెయ్యి. పట్టుకుంటే వెనక్కి లాక్కుంటాడని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. జీవితంలో అంత అలసట నాకెప్పుడూ కలగలేదు.

చివరికి ఆయనే తలుపు వైపు చూసి, "ఇంగ చాలు సార్, పెంచండి" అన్నాడు. మునుపటికంటే కాస్త తక్కువలో పెట్టి పంపించారు.

దినాల రోజు ఆయన పెద్దలు చెప్పినట్టే తలకు పోసుకుని, అన్నీ సక్రమంగా చేశాడు. భోజనాల పంతిలో అందరినీ నవ్వుతూ పలకరించి వడ్డించాడు. కళ్లు పొడిగానే ఉన్నాయి. ఆడబిడ్డ నా దగ్గరికి వచ్చి, "తగ్గించల్యాదా వదినా?" అంది.

"తగ్గించినారు. ఏడ్సినాడు. నేను చూసినా."

"ఎంతసేపు ఏడ్సినాడు?"

"తట్టుకున్నంతసేపు" అన్నాను.

ఆమె పోయి పంతిలో కూర్చుంది. వాళ్లన్న నవ్వుతూ ఆమె విస్తట్లో ఇంకో వడ వేశాడు. ఆమె ఏడుస్తూనే తినింది.