వెర్లిన్ కోచ్ ఎడమచేతి పాఠం

అసిస్టెంట్ కోచ్ వెర్లిన్ స్టకీ దగ్గర బాస్కెట్‌బాల్ ఆడే పొడుగు పిల్లల చదువు నాలుగేళ్ళు. మొదటి ఏడు కాళ్ళు, రెండో ఏడు పక్కకు తిరిగి ఒంటిచేత్తో తలమీంచి వేసే హుక్ షాటు, అదీ కుడిచేత్తో, మూడో ఏడు ఎడమచేతిది, నాలుగో ఏడు బంతిని పక్కవాడికి అందించడం. ఇండియానాలోని ఆ చిన్న కాలేజీలో ముప్ఫై ఏళ్ళుగా ఇదే వరస. తొందరపడినవాడికి మళ్ళీ కాళ్ళే!

కాలేజీలు ఆటగాళ్ళకు డబ్బివ్వడం మొదలెట్టాక ఇప్పుడు నాలుగేళ్ళుండేదెవరు? ఏప్రిల్ వస్తే చాలు, ఎక్కువ డబ్బిచ్చే కాలేజీకి చెక్కేయడమే. ఆటగాళ్ళకు డబ్బివ్వొద్దని వెర్లిన్ ఎన్నడూ అనలేదు. ఇన్నాళ్ళూ వాళ్ళ చెమటను ఊరికే దోచుకున్నారని తిట్టిన మనిషే. ఆయన ఏడుపల్లా ఒకటే. ఆరేళ్ళుగా ఒక్కడూ ఎడమచేతి దాకా రాలేదు. వచ్చే మార్చితో ఆయన రిటైరవుతున్నాడు. ఈలోగా తను నేర్పిన ఎడమచేతి హుక్కు ఒక్కటంటే ఒక్కటి, అసలు ఆటలో పడగా చూడాలి.

జమారియన్ టిబ్స్ మీద ఆశ పెట్టుకున్నాడు. వాడు రెండేళ్ళు నిలిచాడు కూడా. సరిగ్గా ఎడమచేతి దగ్గరకొచ్చేసరికి ఓ పెద్ద యూనివర్సిటీ పిలిచింది. వాళ్ళమ్మ స్కూలు బస్సు నడుపుతుంది. "వెళ్ళరా, ఇంకా ఆలోచిస్తావేంటి?" అని వెర్లినే సాగనంపి, కార్లో కూర్చుని ఏడ్చాడు.

జూన్‌లో ఫోనొచ్చింది. "కోచ్, ఇక్కడ నేర్పే తీరిక ఎవరికీ లేదు. అన్నీ వచ్చనే కదా కొన్నాం అంటున్నారు. నా ఎడమచెయ్యి సంగతేంటి?"

ఇక చూడాలి వెర్లిన్ వంటింటి వైభవం! వీడియో కాల్‌లో జమారియన్. అరవై మూడేళ్ళ మనిషి పిండిడబ్బాకు ఫోను ఆనించి గిర్రున తిరుగుతుంటే, భార్య లోర్నా ఎదుటి జట్టువాడిలా చీపురెత్తి అడ్డుకునేది.

"ఏమయ్యా, పరాయి జట్టువాడికి పాఠాలా? మీ హెడ్ కోచ్‌కి తెలిస్తే ఉద్యోగం ఊడుతుంది!"

"తెలిస్తే కదా! చీపురు ఇంకాస్త పైకెత్తు."

ఏటా నవంబరులో పెద్ద యూనివర్సిటీకి వెళ్ళి, చిత్తుగా ఓడి, అందుకు వాళ్ళిచ్చే చెక్కు తెచ్చుకునే ఆట ఒకటుంటుంది. ఈసారి అది జమారియన్ జట్టుతోనే పడింది. రెండో సగానికి వెర్లిన్ జట్టు ముప్ఫై పాయింట్లు వెనకబడింది. అప్పుడు జమారియన్ బంతి అందుకుని, భుజం ఊపి ఎదుటివాణ్ణి మోసం చేసి, కుడికాలు నాటి తిరిగాడు. బంతి ఎడమచేతి మీంచి లేచి, రింగును కూడా తాకకుండా వలలో పడింది.

"అదీ! అద్గదీ నా బంగారుకొండ!" వెర్లిన్ బెంచీ మీంచి ఎగిరి గంతేశాడు.

హెడ్ కోచ్ నలభై నిండని మనిషి. "పెద్దాయనా! మనది ఏ జట్టో గుర్తుందా?" అని అరిచాడు.

జమారియన్ పరిగెడుతూనే, "కోచ్, కాలు సరిగ్గా పడిందా?" అన్నాడు.

"మడమ కాస్త లేచింది! పర్లేదు!"

హెడ్ కోచ్ నోరు తెరిచాడు. "అంటే... వాడికి నేర్పింది మీరేనా?"

"నేనే. జూన్ నుంచీ. తీసేస్తే తీసేయ్ బాబూ, చూడాల్సింది చూసేశాను." కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా వెర్లిన్ నవ్వు ఆగడం లేదు.

ఆ షాటు పడింది కైల్ రెన్‌ఫ్రో నెత్తిమీంచి. వాడు వెర్లిన్ జట్టు ఈ ఏడే డబ్బిచ్చి తెచ్చుకున్న పొడుగు కుర్రాడు. రొప్పుతూ బెంచీకొచ్చి వెర్లిన్ పక్కనే కూలబడ్డాడు.

"కోచ్, అది నాకూ నేర్పరా?"

"ఎన్నాళ్ళుంటావురా?"

"మార్చి దాకా అయితే పక్కా."

"వద్దు పెద్దాయనా! వచ్చే ఏడు వీడూ మన మీదే వేస్తాడు!" హెడ్ కోచ్ తల పట్టుకున్నాడు.

"వేయనీ!" అన్నాడు వెర్లిన్. "లేవరా. ముందు కాళ్ళు."