గుమ్మం ముందు చెప్పులు

విజయనగరంలో మేం నలుగురం చిత్రకారులం కలిసి ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకుని నడుపుతున్నాం. బయటి ఊళ్ల కళాకారులు వచ్చి నెల రోజులు అక్కడే ఉండి బొమ్మలు వేసుకుంటారు, చివర్లో ప్రదర్శన పెడతారు. దానికి సాయం అడగడానికి హైటెక్ సిటీలో ఒక కంపెనీకి వెళ్లాను. "మీ వీధివాళ్లు ఎంతమంది వస్తారు?" అని వాళ్లు అడిగితే, ఎవరూ లోపలికి రారని ఒప్పుకోవాల్సి వచ్చింది. మా వీధివాళ్లు గుమ్మం దాకా వచ్చి, తొంగిచూసి వెళ్లిపోతారు. మా బొమ్మలు వాళ్లకు అర్థం కావని తీర్మానించుకుని ఊరుకున్నాం.

తిరిగి వెళ్తూ నానక్‌రామ్‌గూడలో షేర్ ఆటో ఎక్కాను. పక్కన కూర్చున్న యాదమ్మ అక్కడే ఒక ఆఫీసులో ఊడ్చి తుడిచే పని చేస్తుందట. "ఏం పని మీద వచ్చినవక్కా?" అని అడగడమే ఆలస్యం, వీధివాళ్ల మీద నాకున్న ఉక్రోషమంతా కక్కేశాను.

అంతా విని ఆమె ఒక్కటే అడిగింది. "మీ తాన చెప్పులు ఏడ ఇడుస్తరు?"

"విడవక్కర్లేదండీ. చెప్పులతోనే లోపలికి రావచ్చు."

"గదే మరి! బయట ఒక్క జత గూడ లేకుంటే లోపల మనుషులున్నరని ఎట్ల తెలుస్తది? చెప్పులతోని ఒకరింట్లకు ఎట్ల పోతరు? ఆఫీసుల చేరిన మొదటి రోజు నేను గూడ గిట్లనే తలుపుకాడ చానసేపు నిలవడ్డ."

తర్వాతి ప్రదర్శన రోజు పొద్దున్నే మా నలుగురి చెప్పులూ గుమ్మం బయట విడిచాం. సాయంత్రం ఇంటికి బయల్దేరితే, నా జత వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది.