ర్యాక్ పడింది

మా ఆయన ఈ రోజుకీ "జీతం పడిందా?" అని ఎవరినీ అడగరు. "వచ్చిందా?" అంటారు. వాన కూడా మా ఇంట్లో పడదు, కురుస్తుంది. చుట్టాలు చాదస్తం అనుకుని నవ్వుతారు. నవ్వనీ. ఒక మాట మనల్ని నిలువునా ముంచాక దాన్ని మళ్లీ నోట్లోకి రానివ్వడం ఎవరివల్లవుతుంది?

తొంభైల చివర్లో మేము నార్సింగి దగ్గర ఇటుక బట్టీ నడిపేవాళ్లం. గోదావరి జిల్లాలో మా మామగారిదీ అదే పని. అక్కడ మాకు నూకలు చెల్లాయి. హైదరాబాదులో మేడలు లేస్తున్నాయి, ఇటుకకి మంచి గిరాకీ అని ఎవరో అంటే లారీలో మంచం, గ్రైండరు, దేవుడి పటాలు వేసుకుని వచ్చేశాం. మాదాపూర్ బండల మధ్య అద్దాల మేడలు లేచే రోజులవి. కొండాపూర్ దాకా ఎక్కడ చూసినా పునాదులే. జనం ఆగి మరీ ఆ అద్దాలు చూసేవాళ్లు. అద్దాల వెనక గోడలుంటాయి, గోడల్లో ఇటుకలుంటాయి, అవి ఎక్కణ్ణించి వచ్చాయని అడిగిన పాపాన పోయినవాడు లేడు.

బట్టీ సంగతి తెలియనివాళ్లకి ఒక్క ముక్క చెప్పాలి. మాది గుండ్రంగా చుట్టివచ్చే కందకం. అందులో పచ్చి ఇటుకలు పేర్చి పైన బూడిద కప్పుతారు. ఒకచోట నిప్పు అంటించామంటే ఇక ఆర్పేది లేదు. అది ఇటుకల మధ్య మెల్లగా నడుచుకుంటూ కందకం చుట్టూ తిరుగుతుంది. దాని ముందర పచ్చివి పేర్చుకుంటూ పోతారు, వెనక కాలినవి తీసుకుంటూ వస్తారు. పైన వరసగా చిల్లులు, వాటికి ఇనప మూతలు. మూత తీయడం, గరిటెడు బొగ్గు పొడి వేయడం, మళ్లీ మూత పెట్టడం. పగలూ రాత్రీ అదే పని. చలికాలంలో అంటించిన నిప్పు తొలకరి దాకా బతకాలి. మధ్యలో చచ్చిందా, కందకంలో ఉన్నదంతా కాలీకాలని మన్నే. అదంతా తోడిపోసి మళ్లీ మొదట్నించీ పేర్చుకునే తాహతు మాకు లేదు. బట్టీ కౌలుది. ఆ ఒక్క ఏడూ గట్టెక్కితేనే మాకు ఈ ఊళ్లో చోటు. నిప్పు పోతే మేమూ పోయినట్టే.

నిప్పుకి బొగ్గు కావాలి, బొగ్గుకి వ్యాగన్లు కావాలి. మా కర్మంతా అక్కడుంది.

గనుల దగ్గర బొగ్గుకి లోటు లేదు, కొండలు కొండలుగా పోసి ఉండేదట. మోసుకు రావడానికి ఖాళీ వ్యాగన్లు లేవు. గూడ్స్ షెడ్‌లో బొగ్గు దింపే ఒక ముసలి హమాలీతో మా ఆయనకి స్నేహం కుదిరింది. పొద్దుపోని ఇద్దరూ చేసే పని అంతకంటే ఏముంది, కబుర్లు. ఆ ముసలాయన అనేవాడట:

"నిజాం కాలంల ఇల్లందు దిక్కు పట్టాలేసింది మనుషుల కోసమనుకుంటున్నవా సేటూ? బొగ్గు కోసం. మనుషులు ఎనుకకెళ్లి ఎక్కిన్రు. మా నాయిన గిదే పని జేసిండు, నేను గిదే జేసిన. బొగ్గు లేదన్న మాట ఎన్నడు ఇనలే. డబ్బాలు లేవన్న మాటనే, పుట్టినకాడికెళ్లి ఇంటున్న."

ఉన్న డబ్బాల్లో మొదటి బంతి కరెంటు ప్లాంట్లది. రెండో బంతి సిమెంటు ఫ్యాక్టరీలది. మేము చివరి బంతి, పులుసు అడుగంటాక ఆకు ముందు కూర్చునేవాళ్లం. ఎండలు ముదిరితే కరెంటు కోతలు, కోతలంటే ప్లాంట్లకి ఇంకా బొగ్గు, అంటే మాకు ఇంకా తక్కువ వ్యాగన్లు. ఆ మేడల్లో చల్లగాలికి కరెంటు కావాలట, సరే. ఆ మేడల గోడలకి ఇటుక మాత్రం ఆకాశంలోంచి ఊడిపడాలి కాబోలు!

పైగా చిల్లర బేరం లేదు. వ్యాగన్ల వరస మొత్తాన్ని ర్యాక్ అంటారు, తీసుకుంటే మొత్తం తీసుకోవాలి. అందుకని చుట్టుపక్కల బట్టీలవాళ్లమంతా కలిసి ఒక్క ర్యాక్‌కి అర్జీ పెట్టేవాళ్లం. అర్జీ పెట్టడంలోనూ ఒక విద్య ఉంది. ఒకటి కావాలంటే రెండు అడగాలి, అడిగినదాంట్లో సగమే ఇస్తారు గనక. ఈ విద్య అందరికీ వచ్చు. అందరూ రెండేసి అడిగేసరికి ఉన్న కరువు కాస్తా రెట్టింపై కూర్చుంది. చివరికి ఎవరు ఎంతడిగినా ఎవరూ నమ్మడం మానేశారు. వాళ్లని మాత్రం ఏమనగలం? మేమే అబద్ధాలకోరులం.

మా ఆయన పొద్దున్నే స్కూటరేసుకుని గూడ్స్ షెడ్‌కి పోయేవారు. సాయంత్రం దాకా అక్కడే. ఏం చేస్తారండీ అక్కడ అంటే, "చూస్తాను" అనేవారు. ఏం చూస్తారు? ఖాళీ పట్టాలు. చూసి చూసి అక్కడి భాష ఆయనకి అంటుకుంది. ర్యాక్ వచ్చి సరుకు ఎక్కించి దించే పట్టాల మీద, అంటే సైడింగ్‌లో నిలబడితే వాళ్లు 'పడింది' అంటారు. నింపడానికి ఖాళీది వచ్చినా పడిందే, దింపడానికి నిండుది వచ్చినా పడిందే. జీతం పడింది, లాటరీ పడింది అన్నట్టు. ఆయన నోటి నుంచి నాకు, నా నుంచి మేస్త్రీకి, రోడ్డు మీది ఎస్టీడీ బూత్ ఆయనకి, అందరికీ అదే మాట. మా బట్టీ మీద దేవుడి పేరు కంటే ఎక్కువసార్లు వినపడ్డ మాట అది.

సాయంత్రం స్కూటర్ చప్పుడు వినగానే నేను గుమ్మంలోకి వచ్చేదాన్ని. ఆయన హెల్మెట్ తీయకుండానే అడిగేవారు, "నిప్పుందా?"

"ఉంది. ర్యాక్ పడిందా?"

"లేదు."

ఇదే మా సంసారం. వేరే కబుర్లు ఏం చెప్పుకునేవాళ్లమో నాకిప్పుడు గుర్తు లేదు. అలిసిపోయిన మనుషులకి రెండు ప్రశ్నలు చాలు.

వైశాఖం వచ్చేసరికి బొగ్గు కుప్ప తగ్గిపోయింది. మేస్త్రీ పాలమూరు మనిషి, నిప్పు దగ్గరే ముసలివాడైనవాడు. "ఫికర్ జేయకుండ్రి అమ్మా, నిప్పును పండబెడ్త" అన్నాడు. పండబెట్టడమంటే నిప్పుని ముందుకి నడవనీయకుండా, చావనీయకుండా, చిటికెడు చిటికెడు బొగ్గుతో ఒకచోట ఉంచడం. ఇటుక తయారవదు, నిప్పు మాత్రం బతికుంటుంది. ఉన్న బొగ్గుతో ఇంకొన్నాళ్లు అలా ఈడ్చుకు రావచ్చన్నాడు. సరేనన్నాం. అవతల మేస్త్రీ మనుషులు పని లేక చెట్టు నీడన పేకాట. నాకు వాళ్లని చూస్తే ఒళ్లు మండేది, వాళ్ల తప్పేం లేదని తెలిసి ఇంకా మండేది.

ర్యాక్ నింపే దగ్గర మన మనిషి ఉంటే మంచిదని మా మరిదిని గనుల ఊళ్లో ఉంచాం. మా ఆయన పినతండ్రి కొడుకు, ఆ నెలలోనే గోదావరి నుంచి దిగిన పిల్లాడు. పిల్లాడంటే పెళ్లైనవాడే, నాకు పిల్లాడు.

ఒక మధ్యాహ్నం ఎస్టీడీ బూత్ ఆయన ఎండలో పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అక్కా, నీ మరిది ఫోన్ జేసిండు! లైన్ ఖరాబున్నది, మంచిగ ఇనవడలే. ర్యాక్ పడ్డది, అన్నకు జల్ది చెప్పు అన్నడు. గంతల కట్ అయింది."

నేను చేతిలో చేట అక్కడే వదిలేశాను. మేస్త్రీని కేకేశాను. పేకాట ఆగిపోయింది. సాయంత్రం ఆయన వస్తే, ఆ రోజు మొదటిసారి నేనే ముందు చెప్పాను. హెల్మెట్‌తోనే అరుగు మీద కూలబడ్డారు. "మన షెడ్‌లో ఇంకా తెలీదు. వాడు చెప్పింది అక్కడ ఖాళీది పడిందనే. ఇవాళ నింపుతారు, ఎల్లుండికి బొగ్గు మన దగ్గరుంటుంది" అని లెక్కంతా ఆయనే కట్టేశారు. కళ్లలో నీళ్లు తిరిగాయి ఆయనకి. నేను సేమ్యా పాయసం చేశాను.

"ఇగ లేపుదమా సేటూ?" అన్నాడు మేస్త్రీ.

"లేపు" అన్నారు.

లేపాం. మిగిలిన బొగ్గంతా పోశాం. ఆ రెండు రోజులూ ఆయన షెడ్ వైపు పోలేదు, బట్టీ దగ్గరే ఉన్నారు. మేడలవాళ్లు ఇటుకేదీ ఇటుకేదీ అని పీకల మీద కూర్చున్నారు మరి. "ఆకలి మీదున్నది అమ్మా, కడుపునిండ తిననీయిండ్రి" అంటూ మేస్త్రీ మూత తీసిన ప్రతిసారీ ఎర్రటి వెలుగు మొహం మీద కొట్టేది. ఎన్నాళ్లకో బట్టీకి కళ వచ్చింది. మళ్లీ పచ్చి ఇటుక పేర్చారు, పాటలు పాడారు. ఎల్లుండి వచ్చేసరికి కుప్ప ఉన్నచోట నల్లటి నేల మిగిలింది.

ఆ ఎల్లుండే మా మరిది బస్సు దిగి నడిచొచ్చాడు. చొక్కా మాసిపోయి ఉంది. పొగ కేసి చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"అదేంటి వదినా, బట్టీ ఇంత జోరుగా నడిపేస్తున్నారు? ఫోన్ చేశాను కదా, పడిందని!"

మా ఆయన లోపల్నించి వచ్చారు. "ఏం పడిందిరా?"

"ర్యాకేనన్నయ్యా. ముందురోజే నింపారు, ఆ సంగతి చెబ్దామంటే లైను కలవలేదు. బయల్దేరి కాస్త దూరం వచ్చిందో లేదో పట్టాలు తప్పి పడింది. సగం వ్యాగన్లు పక్కకి ఒరిగిపోయాయి. బొగ్గంతా పొలాల్లో ఉంది."

మా ఆయన కుప్ప ఉన్నచోటి నల్లటి నేలకేసి చూశారు.

"పడిందాన్ని పడిందనక ఏమంటారన్నయ్యా?" అన్నాడు వాడు మా మొహాలు చూసి, బిక్కచచ్చిపోయి.

నిజమే. మా వైపు బండి పడిందంటే కాలవలో పడిందనే అర్థం. వాడు మా ఊరి తెలుగు మాట్లాడాడు, మేము గూడ్స్ షెడ్ తెలుగులో విన్నాం. ఎవర్ని తిట్టను? వాణ్ణా, పాపం పరుగెత్తుకొచ్చిన బూత్ ఆయన్నా, పాయసం తిన్న మమ్మల్నా? తిట్టడానికి ఒక మనిషంటూ దొరక్కపోవడం ఎంత నరకమో నాకు ఆ రోజు తెలిసింది. లోపలికి పోయి పాయసం గిన్నె తోమాను. అది అప్పటికే తోమి ఉంది.

పండుకున్న నిప్పుకి చిటికెడు చాలు, లేచిన నిప్పుకి బుట్టలు చాలవు. మళ్లీ పండబెడదామంటే ఆ చిటికెడూ లేదు. పట్టాలు బాగుచేశాక మొదట కదిలిన ర్యాకులన్నీ కరెంటు ప్లాంట్లకి పోయాయి. పక్క బట్టీలవాళ్లని అడిగాం, ఉన్న కాస్త బొగ్గుకీ వాళ్లే దుప్పట్లు కప్పి దాచుకుంటున్నారు. టింబర్ డిపోల నుంచి రంపపు పొట్టు తెచ్చాం. వేరుశనగ పొట్టు తెచ్చాం. చెరువు గట్టున సర్కారు తుమ్మ నరికించాం. మా మరిది అందరికంటే ఎక్కువ నరికాడు, చేతుల నిండా ముళ్లు. పొట్టు భగ్గుమంటుంది, ఆరిపోతుంది. దాని వేడి కింది ఇటుక దాకా పోదు. మేస్త్రీ మూత మూతకీ వంగి చూసేవాడు. నేను ఆ మొహం చూసేదాన్ని.

ఒక పొద్దున మేస్త్రీ ఒక ఇనప మూత మీద అరచెయ్యి ఆనించాడు. బతికున్న బట్టీ మూత మీద చెయ్యి పెడితే తోలు ఊడి వస్తుంది. ఆయన పెట్టిన చెయ్యి తీయలేదు. అలాగే పెట్టుకుని కూర్చున్నాడు. నేను దగ్గరికి పోయి పక్క మూత మీద నా చెయ్యి పెట్టాను. ఎండకి కాలిన ఇనుము వేడి, అంతే.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం అంటారు. మా చేతులు కాలలేదు, అదే మా ఏడుపు.

ఆ సాయంత్రం స్కూటర్ చప్పుడైంది. "నిప్పుందా?" అన్నారు. నేను తల అడ్డంగా ఊపాను. ఆయన స్కూటర్‌కి స్టాండు వేయడం మరిచిపోయి వదిలేశారు. అది పడిపోయింది. ఇద్దరం దాన్ని చూస్తూ ఉండిపోయాం.

తొలకరి ముందే వచ్చింది ఆ ఏడు. కాలీకాలని ఇటుకలు తడిసి అంచులు కరగడం మొదలైంది. మేస్త్రీ మనుషులు సామాన్లు మూటలు కట్టుకున్నారు, ఇంకెక్కడో పని చూసుకోవాలి కదా. ఆ వానలోనే బూత్ ఆయన గోనెసంచి తలమీద కప్పుకుని వచ్చాడు. ఈసారి పరుగెత్తలేదు. గుమ్మం అవతలే నిలబడ్డాడు.

"అక్కా, అన్న షెడ్ కాడికెళ్లి ఫోన్ జేసిండు. ర్యాక్..." అని ఆగి, నోట్లో మాట మింగేసి, "ర్యాక్ ఒచ్చి నిలబడ్డదంట" అన్నాడు.

ఆ మనిషి అలా మాట మార్చి చెప్పడంతో అప్పటిదాకా ఆగిన ఏడుపు తన్నుకొచ్చింది. వాన హోరులో నేను ఏడ్చింది బూత్ ఆయనకి వినపడలేదనుకుంటాను. మా వాటా బొగ్గు పక్క బట్టీకి పోయింది. వాళ్లకింకా నిప్పుంది.

ఆయన చీకటిపడేవేళకి వచ్చారు. దగ్గరుండి దింపించారేమో, తడిసిన చొక్కా మీద నల్లటి చారలు. హెల్మెట్ తీయలేదు. అలవాటు నోరు కదా, దానికి జరిగింది తెలియదు.

"నిప్పుందా?" అన్నారు.

అన్నాక ఆయనకే తెలిసింది. గడప మీద చెయ్యి వేసి తల వంచుకున్నారు.

"పొయ్యిలో ఉందండీ" అన్నాను. "కాళ్లు కడుక్కుని రండి, అన్నం పెడతాను."