కిషన్ బదులు మొగిలి

మొగిలి తన సర్వీసు మొత్తంలో తన కోసం చేసుకున్న పనులు తక్కువ, ఎవరికో బదులుగా చేసినవే ఎక్కువ. బొగ్గుబావిలో ఒకరు డ్యూటీకి రాకపోతే వారి స్థానంలో మరొకరు పనిచేయడాన్ని యాక్టింగ్ అంటారు. మిగతా కార్మికులు ఆ అలవాటును బావిలోనే వదిలి పైకి వచ్చేవారు. మొగిలి ఇంటికి కూడా తెచ్చుకున్నాడు.

మేనల్లుడికి షిఫ్టు పడిందని వాడి బదులు పెళ్లిచూపులకు వెళ్లి, ఆ పిల్లకూ తనకూ జోడీ కుదరదని చెప్పి వచ్చాడు. రాష్ట్రం కోసం రిలే దీక్షలు సాగుతున్న రోజుల్లో తోటి కార్మికుడు ఆగయ్య పేరు మీద శిబిరంలో కూర్చున్నాడు. సాయంత్రం నిమ్మరసం ఇవ్వబోతే గ్లాసుకు చేయి అడ్డం పెట్టాడు.

"నాకెందుకు? దీక్ష ఆగయ్యది. ఆయనకు తాగిపియ్యుండ్రి."

"ఆగయ్య పొద్దటి సంది రెండుసార్లు తిన్నడు కాక!"

"తింటడు మరి. ఆకలి నాకిచ్చి పోయిండు గద."

దుఃఖం ఒకరి నుంచి మరొకరికి బదిలీ కాదన్న విషయంలో తత్త్వవేత్తలు దాదాపు ఏకాభిప్రాయానికి వచ్చారు. మొగిలికి ఆ సమాచారం అందలేదు.

మొగిలి క్వార్టర్ వెనక రేకుల గదిలో శోభ, ఆమె భర్త కిషన్ అద్దెకుండేవారు. కిషన్‌ది ఓపెన్‌కాస్టు గనిలో ఒక కాంట్రాక్టరు కింద, విజిల్ ఊది టిప్పర్లకు దారి చూపే పని. ఒకరోజు వెనక్కి వస్తున్న టిప్పరు కింద తోటి కూలీ బిక్షం పడి చనిపోయాడు. కిషన్ ఊదిన విజిల్ ఆ రొదలో ఎవరికీ వినిపించలేదు. ఆనాటి నుంచి అతడికి నిద్ర కరువైంది, మాట తగ్గింది. ఒక సాయంత్రం క్వారీ అంచున ఊరికే నిలబడి ఉంటే ఎవరో రెక్క పట్టి ఇంటికి తెచ్చారు. ఆ తర్వాత అతడు చెప్పులు వేసుకుంటే చాలు, శోభ గుండె ఆగినంత పనయ్యేది.

కరీంనగర్ తీసుకుపోతే వారం వారం రావాలన్నాడు డాక్టరు. వారం వారం అంటే ఫీజు, బస్సు కిరాయి, పోయిన కూలి. రెండో వారానికే ఆగిపోయారు. కంపెనీ దవాఖానకు గురువారాలు ఒక మనోవైద్యురాలు వచ్చేది గాని, అక్కడ పర్మినెంటు కార్మికులకే చీటీ రాస్తారు. రాసినా కిషన్ కదిలేవాడు కాదు. "నేనేమన్న పిచ్చోణ్నా?" అని గోడవైపు తిరిగి పడుకునేవాడు.

సరిగ్గా అప్పుడే మొగిలికి జబ్బు చేసింది.

"నిద్ర పడుతలేదు. చెవులల్ల విజిల్ మోగుతాంది" అని చాయ్ హోటల్లో, షేర్ ఆటోలో, కనిపించినవాళ్లందరికీ చెప్పసాగాడు. అవన్నీ శోభ, మొగిలి భార్య సారక్క ముందు ఏడ్చి చెప్పుకున్న మాటలే. శోభకు ఒళ్లు మండిపోయింది.

"మా ఇంటాయన బాధ నీకు నవ్వులాటయిందా కాక?"

"నవ్వులాటేంది బిడ్డా? దవాఖానల చీటీ గూడ రాసిన్రు. సూడు, నా పేరే."

ఆ చీటీ సంగతి తెలిసి బావిలో అతణ్ని యంత్రం దగ్గరి నుంచి తప్పించి, పైన చీపురు చేతికిచ్చారు. 'మెంటల్ మొగిలి' అని పేరు కూడా పెట్టారు. తగిన శాస్తే జరిగిందనుకుంది శోభ.

మొగిలి అక్కడితో ఆగలేదు.

"కిషన్, పొద్దుగాల నడువాలన్నది డాక్టరమ్మ. ఒక్కణ్నే పోవాలంటె భయమైతాంది, రా." ఇంకో రోజు, "ఊపిరి వట్టి మెల్లగ ఇడువాలట. నాకు వస్తలేదు, నువ్వు తియ్యి, సూసి నేర్చుకుంట."

కిషన్ విసుక్కుంటూనే వెళ్లేవాడు, విసుక్కుంటూనే ఊపిరి తీసేవాడు. మతి చెడిన ముసలాయనకు తోడుపోవడంలో అవమానమేమీ లేదు కదా. శోభ ఇది ఆలస్యంగా గమనించింది. గమనించాక తన కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

ఒక గురువారం మొగిలి, "లోపలికి ఒక్కణ్నే పోలేను" అని కిషన్‌ను దవాఖాన దాకా లాక్కుపోయాడు. శోభ వెంట వెళ్లి గుమ్మం దగ్గర నిలబడింది.

"ఆ విజిల్ ఎలా వినిపిస్తుంది మొగిలి గారూ?" అని అడిగింది డాక్టరమ్మ.

"పెండ్లి బ్యాండు లెక్క మేడం. ఇనసొంపుగ ఉంటది."

"గట్ల గాదు!"

గదిలో అందరూ కిషన్ వైపు తిరిగారు.

"ఇనసొంపేంది కాక? అసలు మోగుతె గద! నేను ఊదుత, సప్పుడు బయటికి రాదు. ఊదుత, ఊదుత... బిక్షం ఎనకకు మర్రి సూడడు."

మొగిలి చప్పుడు కాకుండా కుర్చీలోంచి లేచాడు. కిషన్ తనకు తెలియకుండానే అందులో కూలబడ్డాడు. డాక్టరమ్మ చీటీ మీది పేరు ఒకసారి చూసి, దాన్ని బోర్లించింది.

"చెప్పండి, వింటున్నాను."

బయటికి వచ్చిన మొగిలి బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన శోభ. లోపలి నుంచి ఆగి ఆగి కిషన్ గొంతు వినిపిస్తోంది. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇప్పుడు నీకెట్లున్నది కాక?"

"నాకు నయమైంది బిడ్డా" అన్నాడు మొగిలి తీరిగ్గా కాళ్లు చాపుకుంటూ. "ఆయనకే ఇంక శాన గురువారాలు పట్టేటట్టున్నది. చీటీ మాత్రం నా పేరు మీదనే ఉండనియ్యి."