ఎర్రచుక్క లేని పెట్టె

మా మావయ్య పోయారు. కబురు అందేసరికి నేను సుపేలా బజారులో కూరలు కొంటున్నాను. సంచి అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను. ఆ రోజంతా ఏడ్చాను. ఇప్పుడు కోపంతో రాస్తున్నాను. నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. గుడిలో హారతి పాట కూడా పక్కవాళ్లకు వినపడనంత మెల్లగా పాడతాను. అయినా ఈ సంగతి అందరికీ తెలియాలి.

ఆయన మా అమ్మకు తమ్ముడు. శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి వచ్చి, స్టీలు ప్లాంటులో పనిచేసి, రిటైరయ్యాక ఇక్కడే ఒక చిన్న వర్క్‌షాపులో కుదిరారు. రేడియో స్టేషన్ల ట్రాన్స్‌మిటర్లలో ఉండే పవర్ యాంప్లిఫయర్లు అక్కడికి రిపేరుకు వస్తాయి. ప్రసారాన్ని ఊళ్లు దాటించే బలం ఆ పెట్టెలదే. పన్నెండో తరగతితో చదువు ఆగిపోయిన నన్ను ఆయనే తీసుకెళ్లి తన బెంచీ పక్కన కూర్చోబెట్టారు.

మొదటి రోజు బెంచీ మూల అగరుబత్తి వెలిగించి కళ్లు మూసుకున్నాను.

“దేవుడికి దండమెట్టు, తప్పునేదు. ముందల డమ్మీ లోడు బిగించినావేటి?” అన్నారు.

యాంటెన్నాకు బదులు తగిలించే పరికరం అది. పెట్టె నుంచి వచ్చే శక్తినంతా వేడిగా మింగేస్తుంది. అది లేకుండా నడిపితే పెట్టె పాడవుతుంది. అప్పటి నుంచి ముందు లోడు, తర్వాతే దండం.

ఇక బయాస్. ట్రాన్సిస్టర్‌ను పనికి ముందే కాస్త మేలుకొలిపి ఉంచే కరెంటు అనుకోండి. తక్కువైతే ప్రసారం చెడుతుంది, మితిమీరితే ట్రాన్సిస్టర్ మాడిపోతుంది. మావయ్య సిగ్నల్ ఇవ్వకుండా, మీటరు మీదే చూపు పెట్టి, చిన్న స్క్రూను ఉండీ లేనట్టు తిప్పేవారు. ముల్లు సరైన చోట ఆగగానే నేను “అయిపోయింది మావయ్యా” అనేదాన్ని.

“ఏటయిపోనాది? సల్లగున్నప్పుడు అందరూ మంచోల్లే. ఏడెక్కినాక సూడాల.”

పెట్టెను లోడు మీద బాగా వేడెక్కేదాకా నడిపించి, సిగ్నల్ ఆపి, మళ్లీ మీటరు చూసేవారు. ముల్లు జరిగి ఉండేది. మళ్లీ సర్దేవారు. అది నిలకడగా నిలిచాకే ఆ స్క్రూ మీద గోళ్ల రంగు ఒక చుక్క పెట్టేవారు, ఇక కదలకుండా. ఎర్రచుక్క ఉందంటే మావయ్య పాస్ చేసినట్టు. వర్క్‌షాపులో అందరికీ తెలుసు, స్టేషన్ల వాళ్లకూ తెలుసు.

ఆ రంగు సీసా అత్తయ్యది. ఒకసారి టిఫిన్ డబ్బా తెచ్చినప్పుడు చూసి, “నా గోల్లకి నేని సింగారం ఈ పెట్టెలకేటి?” అంది.

“నువ్వు ఏడెక్కినాక ఎప్పుడైనా నిలకడగున్నావేటి, సుక్కెట్టడానికి?” అన్నారాయన. అత్తయ్య మూడు రోజులు పప్పులో ఉప్పు వేయలేదు. ఆయన ఆ పప్పే కలుపుకుని తిన్నారు.

మొన్న వానాకాలంలో ఆయనకు ఊపిరి అందడం కష్టమైంది. ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. బెంచీ మీద ఒక పెట్టె ఉంది, చల్లగా ఉన్నప్పుడు ఒక్కసారి సర్దినది. స్టేషన్ వాళ్లు తొందరపెట్టారని, మేమిద్దరం లేనప్పుడు ఓనరు దాన్ని ప్యాక్ చేయించి పంపేశాడు. అది అక్కడ కాలిపోయింది. ఫోనులో వాళ్లకు ఓనరు చెప్పిన జవాబు: “బుడ్ఢా ఆద్మీ హై, హాథ్ కాంప్‌తా హై.” ముసలాయన చేయి వణుకుతోందట, బయాస్ తప్పు పెట్టాడట!

పక్క బెంచీ కుర్రాళ్ల ద్వారా ఆ మాట మంచం మీదున్న మావయ్యకు చేరింది. “పెట్టె తిరిగొస్తాది. తెరిసి సూడమ్మా,” అని నాతో అన్నారు. అది వచ్చేసరికి ఆయన లేరు. తెరిచాను. స్క్రూ మీద చుక్క లేదు.

వర్క్‌షాపులోనే సంతాప సభ పెట్టారు. ఫోటోకు దండ వేసి ఓనరు మాట్లాడాడు. చివర్లో, “చేయి వణికినా ఉస్తాద్‌ని మేం వదులుకోలేదు” అన్నాడు. ఎంత దయ! అత్తయ్య తల వంచుకుంది. నేను లేచి ఆ పెట్టె తెచ్చి ఫోటో పక్కన పెట్టాను.

“భయ్యా, ఇందులో చుక్క చూపించండి,” అన్నాను ఓనరుతో.

“దీదీ, జానే దో, వదిలేయండి. పోయినాయన గురించి ఇప్పుడెందుకు?”

“పోయారు కాబట్టే నేను అడుగుతున్నాను. ఉంటే ఆయనే అడిగేవారు.”

స్టేషన్ ఇంజినీరు కూడా వచ్చి ఉన్నారు. కళ్లజోడు పెట్టుకుని వంగి చూశారు. “ఇది ఆయన పాస్ చేసింది కాదు,” అన్నారు హిందీలో, అందరికీ వినపడేలా. ఓనరు “గల్తీ హో గయీ సర్” అని, తప్పయిపోయిందంటూ ఇంజినీరుకు చేతులు జోడించాడు. అత్తయ్య వైపు తిరగలేదు. టీ తెమ్మని కేక వేశాడు.

నేను టీ ముట్టలేదు. అత్తయ్య చేయి పట్టుకుని బయటికి వచ్చేశాను. దేవుడి ముందు కూర్చున్నా ఆ కోపం దిగడం లేదు. ప్రార్థించేవాళ్లకు కోపం ఉండకూడదంటారు. ఒకరి పేరు మీద బురద పడుతుంటే ఊరుకోమని ఏ దేవుడు చెప్పాడు?

ఓనరు అన్న ఆ మాట చేరిన రోజు మావయ్య మంచం మీద లేచి కూర్చున్నారు. కుడిచేయి చాచి, కిటికీలోంచి వచ్చే వెలుతురులో నా ముందు పెట్టారు. “సూడమ్మా, వొనుకుతందేటి?” అన్నారు. చాలాసేపు అలాగే ఉంచారు. చేయి కదలలేదు. బొటనవేలి గోటి అంచున, ఎన్ని సబ్బులకూ పోని ఎర్రరంగు.