జాకెట్ల దుకాణంలో పసుపు ధర

పెళ్లిళ్ల సీజన్లో మా అక్క దుకాణాన్ని ఒకే ఒక్క వ్యాసంతో ముంచిన ఘనత నాది. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఇప్పుడైతే నేనూ నవ్వుతాను.

అప్పుడు నేను జగిత్యాలలో డిగ్రీ చదువుతున్నాను. మా లావణ్యక్క కోరుట్లలో మగ్గం వర్క్ జాకెట్ల దుకాణం పెట్టింది. పెట్టిన దగ్గర్నుంచి ఈగలు తోలుకోవడమే పని. అత్తగారేమో, "గీ ఒక్క సీజన్ చూస్త, లేకుంటె షటర్ మూసుడే" అని తేల్చేసింది. చివరికి ఒక పెళ్లి జాకెట్టు వచ్చింది. పిల్లనిచ్చేది సిరిసిల్లకు. బట్ట నేసే ఊరు కదా, అక్కడి వాళ్లు ఏ వంక పెడతారోనని పిల్ల తల్లి రాజవ్వకు గుబులు. "పని మంచిగ చేస్తె ఊరంతటికి చెప్త బిడ్డా" అని అక్కకు ఆశ పెట్టింది.

ఆ ఆశకు నేను తోడయ్యాను. దుకాణం పేరున ఒక వెబ్‌సైట్ పెట్టి, అందులో రాసింది సెర్చ్‌లో అందరికంటే పైన ఎలా రావాలో ఫోన్లో వీడియోలు చూసి నేర్చేసుకున్నాను.

"అక్కా, జాకెట్ అని రాస్తె మనల్ని ఎవ్వరు చూడరు. పట్నం దుకాణాలే ముంగటుంటయి. మనోళ్లు దినాం ఏం వెతుకుతరో గదే రాయాలె."

"ఏం వెతుకుతరే?"

"పసుపు ధర!"

"పసుపుకు, జాకెట్‌కు ఏం సంబంధమే?"

"మన దిక్కు పసుపు పండించి అమ్మినోళ్లే గదనే పెండ్లి చేసేది? పెండ్లంటె జాకెట్ ఉండాలె గద!"

నా తెలివికి అక్క నోరు తెరిచింది. 'ఈ రోజు కోరుట్ల పసుపు ధర' అని పేరు పెట్టి, ఆ మాటనే వాక్యానికోసారి ఇరికించి వ్యాసం రాశాను. ధర ఎంతో నాకు తెలియదు కనుక అదొక్కటి తప్ప అన్నీ రాశాను. చివర 'వివరాలకు' అంటూ దుకాణం చిరునామా, అక్క నంబరు ఇచ్చాను. వారం తిరిగేసరికి అది సెర్చ్‌లో మొదటి స్థానంలో కూర్చుంది. ఇంటిల్లిపాదికీ మిఠాయి పంచాను.

మర్నాటి నుంచి ఫోన్ మోగడం మొదలైంది.

"మేడం, పసుపు కొమ్ముకెంత పెడ్తున్నరు?"

"అన్నా, మేం జాకెట్లు కుడ్తం."

"గది సరే, కొమ్ముకెంత?"

ఫోన్లో ఓపిక లేనివాళ్లు నేరుగా వచ్చేశారు. బయట పసుపు సంచుల ఆటోలు, లోపల కుర్చీల నిండా రైతుల తలపాగాలు. కొడిమ్యాల నుంచి వచ్చిన ఒక పెద్దాయనైతే పసుపు పట్టించి మరీ తెచ్చాడు. "రంగు చూడు బిడ్డా, బంగారం!" అంటూ పొట్లం విప్పాడు. సరిగ్గా ఫ్యాను కింద.

మగ్గానికి బిగించి ఉన్న క్రీము రంగు పెళ్లి జాకెట్టు మీద ఆ బంగారమంతా కురిసింది. దులిపితే పోయేదేమో! నేను సాయం చేస్తున్నాననుకుని తడిగుడ్డ తెచ్చి తుడిచాను. తుడిచిన కొద్దీ పచ్చబడింది.

"ఆగవే, నీ సాయం సల్లగుండ!" అని అక్క అరిచింది. అంతలోనే కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఇగ దుకాణం మూసినట్టేనే."

ఆ మాటకు నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

అప్పుడే రాజవ్వ లోపలికి వచ్చింది. నేను బల్ల కిందికి దూరాను. ఆమె తలపాగాలను చూసింది, జాకెట్టును చూసింది.

"కొత్త బట్టకు మూలకు జరంత పసుపు పెడ్తరు గని, గిట్ల ముంచుతరా బిడ్డా?"

"తప్పైంది పెద్దమ్మా. గీ జాకెట్‌కు పైసలేం ఇయ్యకు" అంది అక్క కళ్లు తుడుచుకుంటూ.

"ఏడ్వకు తియ్. గిది పిల్ల హల్దీకి ఏస్కుంటది. పెండ్లికి ఇంకోటి కుట్టు."

అక్క ఊపిరి పీల్చుకుంది. నేను బల్ల కింద నుంచి తల బయటపెట్టాను. రాజవ్వ ఒక కుర్చీ లాక్కుని తలపాగాల మధ్య తీరిగ్గా కూర్చుంది.

"గని ముందుగాల చెప్పు, ఇయ్యాల పసుపుకెంత నడుస్తుంది? మాది అమ్ముడువోతెనే నీకు పైసలిచ్చేది."

కాబట్టి పాఠక మహాశయులారా, అక్క కుట్టుమిషను మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట జాకెట్ల కోసం రాస్తే జాకెట్ల గురించే రాస్తాను, ఒక్కరూ చూడకపోయినా సరే.