మీది ఏ ఊరండీ అని అడిగితే జవాబు రాలేదు

గణపవరం దాటాక బస్సులో టికెట్లు కొడుతుంటే బట్టలు తడిసినట్టు అనిపించింది. అప్పటికి నాకు నెలసరి ఆగిపోయి ఏడాది పైనే అయింది. భీమవరం స్టాండులో బాత్రూమ్‌కి వెళ్లి చూసుకుంటే రక్తం. ఈ వయసులో ఇలాంటివి మామూలే అనుకుని తిరుగు ట్రిప్పు కూడా చేశాను. మాది తాడేపల్లిగూడెం. నేను బస్సు కండక్టర్‌ని. ఒంట్లో బాగోలేదని మధ్యదారిలో దిగిపోయే ఉద్యోగం కాదు ఇది.

రెండోసారి కనిపించాక మా ఆయన ఊరుకోలేదు. మా గూడెంలోనే లేడీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. "నెలసరి ఆగాక ఒక్క చుక్క కనిపించినా వదిలేయకూడదమ్మా. బయాప్సీ తీయించండి" అన్నారావిడ. ఏలూరులో తీయించాం. సర్వైకల్ క్యాన్సర్, అంటే గర్భాశయ ముఖద్వారానికి వచ్చేది అని రిపోర్ట్ వచ్చింది. ఎమ్మారై చూసి స్టేజ్ టూ బి అన్నారు.

విజయవాడలో ఆంకాలజిస్ట్ నెమ్మదిగా చెప్పారు. "ఆపరేషన్ అక్కర్లేదు. రేడియేషన్, దాంతోపాటు వారానికో కీమో, చివర్లో బ్రాకీథెరపీ, అంటే గర్భసంచి దగ్గరే లోపల పెట్టి ఇచ్చే రేడియేషన్. నయమయ్యే అవకాశం బాగా ఉందమ్మా. మధ్యలో మానేయకపోవడమే మీ పని."

ఎందుకొచ్చిందండీ నాకు అని అడిగాను.

"హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల. చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకేదే, దానంతటదే పోతుంది. కొందరిలో ఉండిపోయి ఇలా మారుతుంది. ఇందులో మీ తప్పేమీ లేదు. ఇంట్లో చిన్న ఆడపిల్లలుంటే వ్యాక్సిన్ వేయించండి."

నాకు ఆడపిల్లలు లేరు. వెంటనే మా తమ్ముడి కూతురు జెస్సీ గుర్తొచ్చింది. తమ్ముడు కొల్లేరు పక్కన చేపల చెరువుల మీద పని చూసుకుంటాడు. జెస్సీ తొమ్మిదో తరగతి, సెలవులిస్తే చాలు మా ఇంట్లోనే ఉంటుంది. మరదలు సునీతకి ఫోన్ చేసి చెబితే, "అలాగేనండి వదినగారూ, వేయించేద్దాం" అంది.

రేడియేషన్‌కి ముందు కడుపు నిండా నీళ్లు తాగి, బాత్రూమ్‌కి వెళ్లకుండా ఉండమంటారు. ఆడ కండక్టర్లకి అది నేర్పక్కర్లేదు. మిగతాదే కష్టమైంది. విరేచనాలు, నీరసం, అన్నం వాసనొస్తే వాంతి. ఇంతలో రక్తంలో కౌంట్స్ పడిపోయాయని కీమో ఆపారు. ఇక నా పని అయిపోయిందేమోనని ఏడ్చాను. "కాస్త ఆగుతున్నాం, అంతే" అన్నారు డాక్టర్.

ఆ విరామంలో ఇంట్లో పడుకుని ఫోన్ చూస్తుంటే, మా వైపు వార్తలు పెట్టే పేజీలో, స్కూలు ఆడపిల్లలకి హెచ్‌పీవీ వ్యాక్సిన్ వేస్తారని ఉంది. సంతోషంగా కామెంట్లు తెరిచాను. "మా అక్క కూతురికి ఈ సూది వేశారు. మంచం దిగడం లేదు. ఇక పిల్లలు పుట్టరట. మీ పిల్లల్ని కాపాడుకోండి." ఇలాంటివే ఎన్నో, ఎంత కిందికి జరిపినా తరగడం లేదు.

ఆ సాయంత్రమే సునీత ఫోన్ చేసింది. "వదినగారూ, ఏమీ అనుకోకండి. ఒకరా ఇద్దరా, అంతమంది చెబుతున్నారండి. రేపు పెళ్లి కావాల్సిన పిల్ల. నేను వేయించలేనండి."

నాకు ఒళ్లు మండింది. నా అవస్థ కళ్లారా చూసి కూడా ఈ మాటా అనుకున్నాను. కానీ పైకి అనలేదు. నిజంగా ఎవరి పిల్లయినా మంచాన పడి ఉంటే? అందుకే ఒక్కొక్కరికీ మర్యాదగా రాయడం మొదలుపెట్టాను. "అయ్యో, ఎంత కష్టమొచ్చిందండీ. మీది ఏ ఊరండీ? పాపని ఎక్కడ చూపిస్తున్నారు? నేనూ పేషెంట్‌నే." బస్సులో ఈ మాట అడిగితే చాలు, దిగే స్టాపు వచ్చేదాకా ఇంటి సంగతులన్నీ చెబుతారు. ఇక్కడ ఒక్కరూ ఊరు చెప్పలేదు. కొందరి దగ్గర్నుంచి నేను అడిగిన మరుక్షణమే అదే అక్క కూతురి కథ, కామా కూడా మారకుండా మళ్లీ వచ్చింది. ఒక పేరు నొక్కి చూస్తే, అదే కథ హిందీలో కూడా పెట్టి ఉంది. మధ్యలో జుట్టు నూనె ప్రకటన.

తర్వాత చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టర్‌కి చూపించాను. ఆయన నవ్వలేదు. "వీటిలో చాలావరకు మనుషులు కాకపోవచ్చమ్మా. ప్రోగ్రామ్ రాసి వదిలేస్తారు. ఒక్కడే వంద పేర్లతో మాట్లాడొచ్చు. చదివి భయపడేవాళ్లు మాత్రం నిజమైన మనుషులు. వాళ్లని కోప్పడకండి" అన్నారు.

ఆ మాటతో సునీత మీద నా కోపం చల్లారింది.

అప్పుడే, నేను ఆ పేజీలో అడిగినవాళ్లలో ఒకామె నుంచి జవాబొచ్చింది. "మాది భీమవరం దగ్గర ఉండి అండి. మా పాపకి కళ్లు తిరిగిన మాట నిజమేనండి." పేరు వరలక్ష్మి. నంబర్ తీసుకుని మాట్లాడాను. సూది వేసిన వెంటనే పాప కళ్లు తిరిగి పడిపోయిందట. కాసేపటికి లేచి ఇడ్లీ తిందట, మర్నాడు బడికెళ్లిందట. "కానీ ఇవన్నీ చదివాక, లోపల ఏమైనా అయిందేమోనని రోజూ దాని మొహమే చూస్తూ కూర్చుంటున్నానండి" అంది.

డాక్టర్‌ని అడిగి ఆమెకి చెప్పాను. ఆ వయసు పిల్లలకి సూదంటే కళ్లు తిరగడం మామూలేనట, అందుకే వేశాక కాసేపు కూర్చోబెట్టి పంపుతారట. ఆమె ఫోన్‌లోనే ఏడ్చేసింది. మా మరదలితో ఒక్కసారి మాట్లాడతారా అని అడిగితే సరేనంది. ముగ్గురం ఒకే కాల్‌లో కలిశాం.

"పాపకి నెలసరి సరిగా వస్తోందాండి?" అని అడిగింది సునీత.

"వస్తోందండి. ఆటలపోటీలకి కూడా వెళ్లిందండి."

"మరి అక్కడ అంతమంది రాశారు కదండి?"

"వాళ్లెవరో నాకు తెలీదండి. ఊరూ పేరూ చెప్పి మీతో మాట్లాడుతున్నది నేనొక్కదాన్నే కదండి."

ఆ సూది ఎక్కడ వేయించారో అడిగి రాసుకుంది సునీత.

కౌంట్స్ పెరిగాయి, కీమో పూర్తయింది. బ్రాకీథెరపీ నొప్పిగానే ఉంటుంది, దాచను. అది అయిన కొన్నాళ్లకి జెస్సీకి వ్యాక్సిన్ వేయించారు. నేనూ వెళ్లాను. సూది వేసేటప్పుడు పిల్ల నా చెయ్యి పట్టుకుని, "ఇది నీ చిన్నప్పుడు లేదా అత్తా?" అంది. లేదమ్మా అన్నాను. "మరి నాకుంది కదా, నువ్వెందుకు ఏడుస్తున్నావ్?" అంది. తర్వాత బల్ల మీద కూర్చుని తినడానికేం తెచ్చారని అడిగింది.

ఇప్పుడు స్కాన్లు క్లియర్. చెకప్‌లకి వెళుతున్నాను. తిన్నది అరగక ఇబ్బంది పడే రోజులు ఇంకా ఉన్నాయి. డ్యూటీలో చేరాను.

నేను చెప్పేది ఒక్కటే. వ్యాక్సిన్ గురించి భయపెట్టే మాట ఫోన్‌లో కనబడితే, ఎంతమంది అన్నారని లెక్కపెట్టకండి. మీ ప్రశ్నకి జవాబు చెప్పగల మనిషిని ఒక్కరిని వెతికి మాట్లాడండి. వాళ్లు చెప్పింది తీసుకెళ్లి డాక్టర్‌ని అడగండి. ఆ తర్వాతే పదిమందికి పంపండి.

మొన్న సునీత ఫోన్ చేసింది. ఏదో అడగాలని తటపటాయిస్తోంది. చివరికి, "వదినగారూ, ఈ క్యాన్సర్ రాకముందే తెలుస్తుందట కదా, ఆ పాప్ స్మియర్ టెస్టేదో నేనూ చేయించుకుంటానండి. లోపలికి వెళ్లేటప్పుడు మీరు నా పక్కన ఉంటారా?" అంది.

సెలవు పెట్టాను.